ఏడాదికో పురుడు

మా ఇంటి యోసేపుకి ముక్కు లేదు. కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. నీలం అంగీ వెలిసిపోయి ఇప్పుడు అది ఏ రంగో ఎవరూ చెప్పలేరు. అదే ట్రంకుపెట్టెలో, అదే గడ్డిలో పడుకునే మరియమ్మ మాత్రం నిన్న కొన్నట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. క్రిస్మస్ పాకలో ఆ బొమ్మల్ని పక్కపక్కన చూసినవాళ్ళు, ఇద్దర్నీ ఒక్కచోటే కొన్నారా అని అడుగుతారు. ఒక్కచోటే కొన్నాం. కాకపోతే యోసేపుని ఏటా పదకొండు రోజులు అరుగు మీద నిలబెట్టాం, ఎండకీ మంచుకీ. నిలబెట్టించిన మనిషి ఈ వానాకాలంలో పోయింది.

ఆవిడ అసలు పేరు నాకు తెలీదు. ఓటర్ల జాబితాలో ఏదో ఉండే ఉంటుంది. కోటబొమ్మాళిలో మా వీధి వాళ్ళందరికీ మంత్రసాని మామ్మ. పురుళ్ళన్నీ ఆసుపత్రులకి వెళ్ళిపోయాక మంత్రసాని అన్న మాట కూడా రాలిపోయి ఉట్టి మామ్మ మిగిలింది. రైలుగేటు అవతల ఒక రేకుల ఇల్లు, రూపాయి కాసంత బొట్టు, నోట్లో అడ్డచుట్ట. నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని, పొగ కూడా బయటికి రాకుండా కాల్చేది. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి. తియ్యాలంటే ఆ మాట అంత విలువైనదై ఉండాలి. అందుకే ఆవిడ సగం మాటలు కళ్ళతోనే చెప్పేది.

మనుషుల్ని వాళ్ళు పుట్టిన తీరుని బట్టి పిలిచేది. బజార్లో కిరాణా షావుకారు ఉన్నాడు, గల్లాపెట్టె ముందు కూచుంటే కొండలా ఉంటాడు. మామ్మ కొట్టు ముందు నుంచే "ఎదురుకాల్లోడా, కొంచెం వాము కట్టు" అని కేకేసేది. ఆయన కాళ్ళతో పుట్టాడన్నమాట. అంత మనిషీ సిగ్గుపడిపోయి "అలాగే మామ్మా" అని తనే లేచి పొట్లం కట్టేవాడు. నేను ఏడవనోడిని. నీలంగా పుట్టి, ఎంతకీ ఏడవలేదట. చన్నీళ్ళు చల్లి, వీపు మీద ఒక్కటి చరిస్తే అప్పుడు కేరుమన్నానట. ఎంతసేపటికి మామ్మా అనడిగితే, "పలాస బండి ఒచ్చీసి, కూతెట్టి, ఎలిపోయినంతసేపు" అనేది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మేస్టర్ని, వీధిలో నా పిల్లలు, అంటే నా దగ్గర చదువుకునే పిల్లలు, నమస్కారాలు పెడుతుంటే, గేటు దగ్గర్నించి "ఏడవనోడా! బాగున్నావేటి?" అని వినపడేది. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆగి, బాగున్నాను మామ్మా అనేవాణ్ణి. బొడ్డు కోసిన మనిషి ముందు ఎవడు మాత్రం మేస్టరు?

ఇంకొకటుంది. ఏ చిన్నదాన్ని ముట్టుకోవాలన్నా ముందు రెండు అరిచేతులూ రుద్దుకుని, తన చెంపకి ఆనించుకుని, వేడి సరిపోయిందో లేదో చూసుకునేది. పసిపిల్లలకే కాదు. సంతలో టమాటాలు ఏరేటప్పుడు కూడా అంతే. అలవాటు చేతులది, ఆవిడది కాదు.

మాది క్రైస్తవ కుటుంబం, ఆవిడ ఇంట్లో పైడితల్లి పటం. మా క్రిస్మస్‌లోకి ఆవిడ ఎలా వచ్చిందంటే, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల వచ్చింది. రిటైరైన టీచరమ్మ మోకాళ్ళకి నూనె రాయడానికి వారానికి రెండుసార్లు వచ్చేది. మా అమ్మాయి పింకీకి అప్పుడు మూడేళ్ళు. డిసెంబరు ఇరవై నాలుగు, సాయంత్రం నాలుగు గంటలు. ముందుగదిలో బల్ల మీద అమ్మ వరిగడ్డితో పాక వేసి బొమ్మలు పెడుతోంది. మామ్మ చుట్ట తీసింది.

"ఏటి టీచరమ్మా ఇది?"

అమ్మ ఉత్సాహంగా కథంతా చెప్పింది. నిండు చూలాలు, సత్రంలో చోటు లేదు, పశువుల పాకలో బిడ్డ పుట్టాడు, గొల్లలు వచ్చారు, జ్ఞానులు వచ్చారు.

"పురుడు ఎవులు పోసినారు?" అంది మామ్మ.

అమ్మ చేతిలో గొర్రెపిల్ల అలాగే ఆగిపోయింది. నలభై ఏళ్ళు ఆదివారం బడిలో ఈ కథ చెప్పిన మనిషికి ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"ఎవరూ లేరు."

"ఎవులూ నేకండా ఎలగ? తొలిసూలు గుంట కదా!"

"దేవుడున్నాడు కదే."

"దేవుడు బొడ్డు కోస్తాడేటి?" మామ్మకి నిజంగానే కోపం వచ్చింది. "గొల్లోలొచ్చినారు. రాజులొచ్చినారు. గాడిద కూడా ఉన్నాది. ఆడకూతురు ఒక్కర్తి నేదేటి ఆ ఊల్లో? ఓలమ్మ, ఏటూరే అది!"

ఇంక ఆవిడ ఆగలేదు. "ఒలే పింకీ, సెంబుడు నీల్లట్రా. టీచరమ్మా, పాత సీరొకటి తే." చీరని బల్ల చుట్టూ తెరగా కట్టింది. పాకలోంచి యోసేపుని రెండు వేళ్ళతో ఎత్తింది. "మొగోడికి ఇక్కడేటి పని?" అని తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను నవ్వుతూ గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నా వైపు తిరిగి, "నీకూ అంతే" అంది.

అలా మొదలైంది. ఆ మరుసటేడు పిల్లలే గుర్తుపెట్టుకుని మామ్మని పిలుచుకొచ్చారు. షావుకారు మనవలు ఇద్దరూ కూడా చేరారు. వాళ్ళింట్లో క్రిస్మస్ లేకపోయినా పురుడు ఉంది కదా, ఎదురుకాళ్ళోడి మనవలు వాళ్ళు. రెండు మూడేళ్ళలో దానికి సవాలక్ష నియమాలు పుట్టుకొచ్చాయి. సాయంత్రం నాలుగుకే జరగాలి, ఎందుకంటే చీకటి పడితే మామ్మకి కళ్ళు కనపడవు. గుమ్మానికి వేపమండ కట్టాలి. మామ్మ చుట్ట ఆర్పి అరుగు మీద యోసేపు పక్కన పెట్టి, "ఏసేపూ, సూస్తుండు" అని చెప్పి లోపలికి వెళ్ళాలి. యేసు, యోసేపు అన్న పేర్లు ఆవిడకి చివరిదాకా కుదర్లేదు. అయ్యకీ కొడుక్కీ ఒకే పేరేటని విసుక్కునేది. యోసేపు నిజానికి అయ్య కాదని అమ్మ ఒకసారి వివరించబోతే, "సర్లే, బాలింత దగ్గర ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు" అని నోరు మూయించింది.

మా మట్టి బాలయేసు నా చిన్నప్పుడే పగిలిపోయాడు. ఆ స్థానంలో ఎవరో తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ పాపాయి ఉండేవాడు. తల్లి జానెడు, బిడ్డ మూరెడు. "ఈ తల్లి ఎలగ బతికినాదో" అని మామ్మ ఏటా ఆశ్చర్యపోయేది. అంత పాపాయినీ చీర కుచ్చెళ్ళలో ఎక్కడ దాచేదో ఏమో, పిల్లలు ముగ్గురూ కళ్ళు ఆర్పకుండా చూసినా దొరికేది కాదు. తెర లోపల "ఓర్సుకో తల్లీ, ఓర్సుకో" అని మట్టి మరియమ్మ నడుం నిమిరి నిమిరి, ఉన్నట్టుండి ఎక్కణ్ణించో బిడ్డని తీసేది. అప్పుడు బిడ్డ ఏడవాలి. ఆ ఏడుపు పిల్లల్లో ఒకరు ఏడవాలి. ఏడుపు వంతు ఏడాదికొకరిది. వంతు వచ్చినవాళ్ళు వారం ముందు నుంచే సాధన చేసేవాళ్ళు. షావుకారు చిన్న మనవడు ఎంత బాగా సాధన చేశాడంటే, వాళ్ళ నాయనమ్మ పిండి చేతులతో వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

ఏడుపు వినపడగానే మామ్మ, "ఏడిసినాడు, బతికినాడు!" అని కేకపెట్టేది. బిడ్డని తొట్టిలో కాదు, చేటలో పడుకోబెట్టేది. బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క. ఇక చివరికి కాయం. శొంఠి, పిప్పళ్ళు, వాము, మిరియాలు దంచి బెల్లంలో ఉడికించిన ముద్ద, బాలింతలకి పెట్టే మందు. మరియమ్మ కోసమని ఆవిడ రెండు రోజులు కూచుని వండి తెచ్చేది. మరియమ్మ ఎలాగూ మట్టిది కాబట్టి పిల్లలు తినాల్సి వచ్చేది. ఆ ఘాటుకి ముగ్గురికీ ముక్కూ కళ్ళూ కారిపోయేవి. క్రిస్మస్ కేకు పెడితే మాత్రం మామ్మ "మెత్తగా ఉన్నాది, పల్లు నేనోల తిండి" అని పక్కన పెట్టేసేది. ఆవిడకి ఉన్నవి మూడు పళ్ళు.

యోసేపు పదకొండో రోజు దాకా లోపలికి రాకూడదు. నేను తల్లీబిడ్డల స్నానాలు అయ్యాక రావచ్చు. ఒక ఏడు మా పాస్టరు గారు సరిగ్గా ఆ వేళకే వచ్చి మా జట్టులో చేరారు. అరుగు మీద యోసేపూ, ఆయనా, నేనూ. మామ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాక ఆయన మెల్లిగా, "బైబిల్లో మంత్రసాని లేదమ్మా" అన్నారు. మామ్మ చుట్ట వెలిగించబోయి ఆగింది.

"రాసినోడు మొగోడేనా బావూ?"

"అవునమ్మా."

"మరి ఆడూ మీలాగే అరుగు మీద నిలబడ్డాడు. నోపలేటైనాదో ఆడికేటి తెలస్తాది?"

పాస్టరు గారు చాలాసేపు నవ్వారు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో ఆ మాట చెప్పారు కూడా. ఎవరన్నారో మాత్రం చెప్పలేదు.

పని పోయినందుకు ఆవిడకి బెంగ ఉందేమోనని నాకు అనుమానంగా ఉండేది. అడిగితే, "బెంగేటి? కుయ్యిమని బండొస్తాది, ఎక్కించుకుంటాది, డాకటరమ్మ సూస్తాది. మంచిదే కదా" అంది. ఆపైన తనే, "నా సేతిలో నిలవనోలు ముగ్గురున్నారు. బతికినోల మొకాలు మరిసిపోతన్నాను గానీ ఆ ముగ్గురూ కల్లలోంచి పోరు" అంది. మళ్ళీ నవ్వి, "ఇప్పుడు ఏడాదికో పురుడు. ఈడెప్పుడూ బతికే పుడతాడు. సాల్లే" అంది.

రాష్ట్రం విడిపోయిన ఏడు, దసరా వెళ్ళాక, నా భార్య కరుణకి రెండో కాన్పు. నెలలు నిండాయి. అంతా బాగుందనే అన్నారు. ఆసుపత్రిలో తలుపు బయట నిలబడ్డాను. లోపల ఏవో అడుగుల చప్పుడు, ఏవో గిన్నెల చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. బిడ్డ ఏడుస్తాడని చూస్తున్నాను. డాక్టరమ్మ బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మగపిల్లాడు. ఆవిడ తప్పేమీ లేదు, ఎవరి తప్పూ లేదు. నాకు ఆ తలుపు అవతలి నిశ్శబ్దం మాత్రం చెవుల్లో ఉండిపోయింది.

కరుణ ఇంటికొచ్చింది. ఏడవలేదు. బంధువులు వచ్చి దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అంటే తలూపింది. వెనకగదిలో మంచం మీద కూచుని, పుట్టబోయే బిడ్డ కోసం కుట్టించిన చొక్కాలు మడతపెట్టేది. మళ్ళీ విప్పి మడతపెట్టేది. నేను స్పెషల్ క్లాసులు పెట్టుకున్నాను. పదో తరగతి వాళ్ళకి, తొమ్మిదో తరగతి వాళ్ళకి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. నిజం చెప్పాలంటే నాకా గదిలోకి వెళ్ళాలంటే భయం. వెళ్ళి ఏమనాలో తెలీదు. గుమ్మం దగ్గర నిలబడి "అన్నం తిన్నావా?" అనేవాణ్ణి. ఊఁ అనేది. నా పని అయిపోయేది. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఆ ఏడు పాక వద్దన్నాను. అమ్మ సరేనంది. ఇరవై నాలుగు సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి ముందుగదిలో ట్రంకుపెట్టె తెరిచి ఉంది. పింకీ, షావుకారు మనవలూ కలిసి బల్ల మీద వంకరటింకరగా పాక వేసేశారు. గుమ్మానికి వేపమండ కూడా కట్టారు.

"ఎవరు తియ్యమన్నారు?" అని అరిచాను. ఆరేళ్ళ పిల్ల మీద అంత గట్టిగా అరవడం నాకే వింతగా అనిపించింది.

పింకీ బెదరలేదు. "ఈ ఏడు ఏడుపు వంతు నాది నాన్నా. మామ్మని పిలిచేశాను" అంది. తర్వాత దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "బాలయేసు ఏడుస్తాడు కదూ?" అని అడిగింది.

అంతలో మామ్మ వచ్చేసింది. చేతిలో స్టీలు గిన్నె, మూతకి గుడ్డ కట్టి ఉంది. చుట్ట ఆర్పి అరుగు మీద పెట్టింది. యోసేపుని తెచ్చి దాని పక్కన పెట్టింది. నాకు కళ్ళతోనే నా చోటు చూపించింది. నేనూ కూచున్నాను. తలుపు ఓరగా ఉంది.

లోపల ఆవిడ గొంతు వినపడింది. "బాలింత ఏదీ?"

"అదిగో మరియమ్మ" అన్నారు పిల్లలు.

"ఆ బాలింత కాదు. మనింటి బాలింత."

మామ్మ అడుగులు వెనకగది వైపు వెళ్ళాయి. అక్కడ ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. తిరిగొచ్చేటప్పుడు రెండు జతల అడుగులు. తర్వాత అమ్మ చెప్పింది, మామ్మ కరుణ చెయ్యి పట్టుకుని తెచ్చి, తెర లోపల, పాక పక్కనే చాప మీద కూచోబెట్టిందని.

"కాయం ఎవులైనా ఎట్టినారేటి ఈ పిల్లకి?" మామ్మ అడుగుతోంది. "రెండు నెల్లైనాది టీచరమ్మా! బిడ్డ పోతే పురుడు కూడా పోద్దేటి? ఒల్లు పచ్చిది కాదేటి? పాలు రానేదేటి ఈ పిల్లకి? ఆ మరియమ్మకి ఏటేటా వండి తెస్తన్నాను. ఈ యేడు ఇద్దరికి తెచ్చినాను. తిను తల్లీ. నోరు తెరు."

గిన్నె మూత చప్పుడైంది. శొంఠి వాసన అరుగు దాకా వచ్చింది.

నిజమే, ఎవరూ పెట్టలేదు. బిడ్డ లేడు కాబట్టి కరుణ బాలింత కాదనుకున్నాం. చదువుకున్నవాళ్ళం, ప్రార్థనలు చేసుకునేవాళ్ళం, ఇంట్లో ఇద్దరు టీచర్లం. మాకు ఆ ముక్క తట్టలేదు.

లోపల ఆట మొదలైంది. "ఓర్సుకో తల్లీ, ఓర్సుకో." అరిచేతులు రుద్దుకుంటున్న చప్పుడు. "ఆఁ, వస్తన్నాడు, వస్తన్నాడు. అద్దీ! ఏడవే గుంటా."

ఏమీ వినపడలేదు.

"ఏడవే పింకీ. నీ వంతు కదా."

మళ్ళీ ఏమీ వినపడలేదు. తలుపు ఇవతల కూచుని మళ్ళీ అదే నిశ్శబ్దం వింటున్నాను. లేచి నిలబడ్డాను. లోపలికి వెళ్ళి ఈ పాడు ఆట ఆపెయ్యాలనుకున్నాను.

అప్పుడు పింకీ సన్నగా అంది. "నాకు రావట్లేదు మామ్మా. తమ్ముడికి కూడా రాలేదు."

ఆ తర్వాత వచ్చిన ఏడుపు పిల్లలది కాదు. కరుణ గొంతు అలా ఉంటుందని నాకు తెలీదు, పన్నెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ వినలేదు. కడుపులోంచి, ఇంకా లోపల్నించి ఎక్కణ్ణించో వచ్చింది. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి కాలు నేలకానించి ఆగాడు. పింకీ కూడా ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ ఏడ్చింది. షావుకారు మనవలు ఏం జరుగుతోందో తెలీక వాళ్ళూ అందుకున్నారు.

వాటన్నిటి మీద నుంచి మామ్మ కేక, ఏటా పెట్టే కేకే, వినపడింది.

"ఏడిసినాది! ఇంక బతుకుతాది!"

నేను అలాగే నిలబడ్డాను. వెళ్ళాలా వద్దా, స్నానాలు అవలేదు కదా, అని ఆ క్షణంలో కూడా ఆట నియమాలే ఆలోచిస్తున్నాను. అంతకంటే చేతకాని మొగుణ్ణి నేనింతవరకూ చూడలేదు. చాలాసేపటికి లోపలి ఏడుపు కాస్త సద్దుమణిగాక మామ్మ పిలిచింది.

"ఏసేపుని నోపలికి తెండి."

పదకొండు రోజులు కాదు, పట్టుమని గంట కూడా కాలేదు. అన్నేళ్ళలో ఆవిడ నియమం తప్పింది ఆ ఒక్కసారే. నేను యోసేపుని చేతిలోకి తీసుకుని, తలుపు దాటి, చీర తెర సందులోంచి బొమ్మని మర్యాదగా లోపలికి అందించాను. ఒక చెయ్యి వచ్చింది. బొమ్మని తీసుకోలేదు. నా మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"బొమ్మ ఎవులికి కావాలిరా ఏడవనోడా! నువ్వు రా."

ఒక్క లాగు లాగింది. లోపల చాప మీద కరుణ, మూతి చుట్టూ కాయం మరకలు, ఒళ్ళో పింకీ. కరుణ తలెత్తి నన్ను చూసింది. నేను ఆవిడ పక్కన కూలబడ్డాను. యోసేపు చేతిలోంచి జారి కింద పడ్డాడు, ముక్కు పోయింది అప్పుడే. ఏమనాలో నాకు అప్పుడు కూడా తెలీలేదు.

మామ్మ వెనక నిలబడి నా వీపు మీద ఒక్కటి చరిచింది, ముప్పై ఎనిమిదేళ్ళ కిందట చరిచిన చోటే.

ఈసారి పలాస బండి వచ్చి వెళ్ళేంతసేపు పట్టలేదు.